చెయ్యి పడందే కాలు కదలదు

గెడ్డవలస మనుషుల్ని ఏ ఊళ్ళో చూసినా పోల్చుకోవచ్చు. వాళ్ళకి చేతులు ఊరుకోవు. "బాగున్నావా" అని నోరు అడిగేలోగా రెండు వేళ్ళు పెదాల మీదికి పోయి, పిడికిలి పొట్ట దగ్గర ఆగి, "తిన్నావా" అని చేతులు అడిగేసి ఉంటాయి. గోగునార మిల్లులో మూడు వందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కవాడి చెవిలో శంఖం ఊదినా వినపడదు. అందుకని రెండు తరాల జనం ఆ షెడ్డులో చేతులతోనే మాట్లాడుకున్నారు, చేతులతోనే తిట్టుకున్నారు. ఒకరిద్దరు చేతులతోనే పెళ్ళిళ్ళు కుదుర్చుకున్నారు. మిల్లు మూతపడి నలభై ఏళ్ళు కావస్తున్నా, చేతులు మాత్రం ఇంకా పనిలోనే ఉన్నాయి.

ఈ సంగతి ఇందుమతికి తెలియదు. గెడ్డవలస మనవరాలే అయినా ఆమె పుట్టిందీ పెరిగిందీ విశాఖపట్నంలో. అందుకే తన తాత చేతుల్ని తానే తుడిచేసింది.

ఆమె ఉద్యోగం అదే. సముద్రానికి ఎదురుగా కొండమీదున్న ప్రయోగశాలలో పాత టేపులు శుభ్రం చేస్తుంది. గీతలు, మచ్చలు, గాలి చప్పుడు, ఎవరో దగ్గిన దగ్గు, అన్నీ బియ్యంలో బెడ్డలు ఏరినట్టు ఏరి పారేస్తుంది. ఆ తర్వాత డాక్టర్ మురహరి వాటిని తన యంత్రంలో నాటతాడు. నాటడం అనే మాట ఆయనదే.

ఉద్యోగంలో చేరిన రోజున ఆయన ఆమెను ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళాడు. గది నిండా సన్నటి నీటితుంపర, శీతాకాలపు తెల్లవారు మంచులా తేలుతోంది. ఆ మంచులో వెలుగు మెల్లగా పేరుకుని ఒక పెద్దమనిషి అయింది. ఆయన కుర్చీలో కూర్చుని జేబులు తడుముకున్నాడు, చుట్టూ చూశాడు, చివరికి కళ్ళజోడు నుదుటిమీదే ఉందని తెలుసుకుని సిగ్గుగా నవ్వాడు.

"మా నాన్న" అన్నాడు మురహరి. "నా దగ్గరున్నది అర నిమిషం పెళ్ళి వీడియో. అందులో ఆయన అన్నం వడ్డిస్తుంటాడు, అంతే. ఈ వెతుక్కోవడం అందులో లేదు, ఈ నవ్వూ లేదు. బొమ్మని కదిలించడం ఇవాళ ఎవరైనా చేస్తారు. మనం అలవాటుని నాటుతాం. అలవాటు నాటితే మనిషి వాడంతట వాడే మొలుస్తాడు."

ఇందుమతి ఆ నవ్వుని చాలాసేపు చూసింది. ఆ వారమే ఒక టీవీ చానల్ వాళ్ళు కొండెక్కి వచ్చి, "పద్నాలుగో నంబరు ఇల్లు"ని మళ్ళీ మొలిపించి పెట్టమని అడిగారు.

ఆ పేరు వింటే ఇప్పటికీ నడివయసు వాళ్ళ మొహాలు వెలుగుతాయి. నలభై ఏళ్ళ కిందట వారానికోసారి వచ్చేది. మిల్లు క్వార్టర్సులో ఒక కుటుంబం. మగ్గం నడిపే సింహాద్రి, గోనెసంచులు కుట్టే పెళ్ళాం, వాళ్ళతోనే ఉండే అత్తగారు, అత్తగారు చెయ్యి వేస్తే తప్ప పలకని ఒక రేడియో. అత్తగారు అలిగి చెయ్యి తీసేసిందంటే ఆ వారం ఇంట్లో పాటల్లేవు, వార్తల్లేవు, అల్లుడికి క్రికెట్ స్కోరు లేదు. ఊళ్ళన్నీ పొట్ట పట్టుకుని నవ్వేవి. పెళ్ళాం, అత్తగారు వేషాలు నాటకాల వాళ్ళవి. సింహాద్రి మాత్రం నిజంగానే మిల్లు మనిషి. వేషగాడు రాని రోజున, ఊరికే అక్కడ నిలబడి చూస్తున్న దాలినాయుడిని తోసేశారట. యాభై రెండు వారాలు అతను దిగలేదు.

ఆ దాలినాయుడు ఇందుమతికి తాత. ఆమె ఎన్నడూ చూడని తాత. ఆమె తండ్రికే ఆయన సరిగ్గా గుర్తులేడు.

మొదటిసారి నాటినప్పుడు సింహాద్రి కట్టెలా మొలిచాడు. మాట స్పష్టంగా ఉంది, నడక సరిగ్గా ఉంది, ఒక్కరికీ నవ్వు రాలేదు. మురహరి రెండు రోజులు తలపట్టుకుని, చివరికి శుభ్రం చేయకముందటి టేపులు అడిగి చూశాడు. సింహాద్రి మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాయి. చెవి లాగడం, వేళ్ళు మడవడం, ముక్కు పక్కన చిటికెనవేలితో తాకడం. మాటకీ వాటికీ పొంతన లేదు. దోమలు తోలుకుంటున్నాడనుకుని ఇందుమతి వాటిని నున్నగా చేసేసింది.

"మొలక కన్ను గిల్లేసి విత్తనం నాటాం" అన్నాడు మురహరి. తిట్టలేదు. అది ఇంకా బాధగా అనిపించిందామెకి.

చేతుల్ని మళ్ళీ కలిపి నాటారు. తొమ్మిది రోజులకి మొలిచాడు. ఈసారి సింహాద్రి మంచులోంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, అత్తగారి వైపు ఓరగా చూస్తే చాలు, గదిలో ఉన్న ఆరుగురూ నవ్వేశారు. ఇక అసలు పని మొదలైంది.

కొత్త కథ ఈ కాలానిది. మిల్లు మూసేశారు, సింహాద్రి వీపుకి సంచీ తగిలించుకుని ఇంటింటికీ తిండి మోసే పనిలో చేరాడు. అత్తగారు ఫోనులో ఇడ్లీలు తెప్పించుకుంటుంది, అల్లుడిని పగటిపూట ఒకసారి కళ్ళతో చూడాలని. తీరా చూశాక, చట్నీ ఒలికిందని ఫోనులో అయిదుకి రెండు చుక్కలే వేస్తుంది. మొలిచినవాళ్ళకి అనాల్సిన మాట అందిస్తే చాలు, మిగతాది వాళ్ళ అలవాటే నడిపిస్తుంది. అంతా బాగానే ఉంది, ఒక్క చోట తప్ప. మొదటి భాగంలోనే పెళ్ళాం "ఇంత పెందలాడే వచ్చేశావేం" అని అడగాలి, సింహాద్రి "మిల్లు మూసేశారే, రేపట్నుంచి మీ అమ్మా నేనూ టీవీ దగ్గర తగువు" అనాలి.

ఆ మాట దగ్గర అతను ఆగిపోయాడు. నలభై ఒక్కసార్లు చేయిస్తే నలభై ఒక్కసార్లూ ఆగిపోయాడు. నోరు తెరుస్తాడు, మూసుకుంటాడు. ఎడమచెవి తమ్మెని రెండుసార్లు లాగుతాడు. ఎదురుగా, పాత ఆటలోలాగే జనం కోసం వేసిన కుర్చీల్లో మూడో వరస, ఎడమ కొసన ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తాడు. చూస్తూ నిలబడిపోతాడు.

ఆ ఆదివారం ఇందుమతి గెడ్డవలస బస్సెక్కింది.

* * *

తవిటమ్మ అరుగుమీద కూర్చుని పాత గోనెసంచీకి మాసిక వేస్తోంది. డెబ్బై రెండేళ్ళు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, తవుడికి అమ్మి మళ్ళీ కొనుక్కుంటే దక్కి, ఆ పేరు పెట్టించుకున్న మనిషి. చావుని ఒకసారి మోసం చేసినదాన్ని, మీరెంత అన్నట్టుంటుంది చూపు. మనవరాలు ఫోను చేతిలో పెట్టి, ఇదేమిటో చెప్పు మామ్మా అంది.

తవిటమ్మ చూసింది. సూది సంచీలోనే ఆగింది. ఫోనులో సింహాద్రి చెవి లాగాడు. తవిటమ్మ కుడిచెయ్యి దానంతట అదే లేచి, అరచేయి అడ్డంగా ఆడి, ఒళ్ళో పడింది.

"ఏమడుగుతున్నాడు మామ్మా?"

"సైరనేసీసినారా అంతన్నాడు." ఆమె ఫోనుని కొంగుతో తుడిచి, మళ్ళీ చూసింది. "ఇంకా లేదన్నాను."

అప్పుడు కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చింది. ఆటని మిల్లు క్లబ్బులోనే తీసేవారు. ఉదయం షిఫ్టు మధ్యలో రెండు గంటలు దాలినాయుడిని వదిలేవారు, మగ్గం దగ్గర బదిలీ మనిషిని నిలబెట్టి. కానీ మధ్యాహ్నం రెండుకి సైరన్ వేయగానే అతను తన మగ్గం దగ్గరికి చేరి తీరాలి. ఎందుకంటే మగ్గం ఆపరు. రెండో షిఫ్టువాడు వచ్చి భుజంమీద రెండుసార్లు చెయ్యి వేసి "నేనున్నాను, నువ్వెళ్ళు" అనాలి, అప్పుడే మొదటి షిఫ్టువాడు మగ్గం వదలాలి. చెయ్యి వేసినవాడిది మగ్గం. చెయ్యి పడందే కాలు కదలదు అనేది మిల్లులో పసిపిల్లలకి కూడా తెలిసిన మాట. క్లబ్బు గోడలకి బయటి చప్పుడు రాకుండా గోనెలు కొట్టారు కనక లోపలికి సైరన్ వినపడదు. అందుకని కుట్టు సెక్షన్లో సెలవు పెట్టి తవిటమ్మ వచ్చి, తలుపు సందులోంచి వినపడేలా, మూడో వరస కొసన కూర్చునేది. మొగుడు ఆటలోనే చెవి లాగి అడిగేవాడు, పెళ్ళాం కూర్చున్నచోటే చెప్పేది. ఊరంతా చూస్తుండగా యాభై రెండు వారాలు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్నారు. ఒక్కడికీ తెలియలేదు.

"మరి ఈ ముక్కు పక్కన తాకడమో?"

తవిటమ్మ ముక్కుపుడక ఉండాల్సిన చోట, ఇప్పుడు ఉత్త బెజ్జం ఉన్నచోట, వేలు పెట్టుకుంది. సంచీ కుట్టడం మళ్ళీ మొదలెట్టింది. కాసేపటికి, అక్కడికి బస్సెన్ని గంటలకని అడిగింది.

* * *

మురహరి తవిటమ్మకి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. పెద్ద గది చూపించాడు. మధ్యలో మంచు, మంచులో పద్నాలుగో నంబరు ఇల్లు, మంచం, రేడియో, వెనక గోడకొక తలుపు. ఆ తలుపవతల ఏముందని తవిటమ్మ అడిగింది. ఏమీ నాటలేదన్నాడు. ఇంటి చుట్టూ నేలమీద పసుపుపచ్చ గీత ఉంది.

"మామ్మగారూ, ఈ గీత మాత్రం దాటకండి. యంత్రం కళ్ళు అటూ ఇటూ ఉన్నాయి. లోపల ప్రాణమున్న మనిషి ఉంటే మిమ్మల్ని కూడా విత్తనమే అనుకుని అక్కడికక్కడే నాటుకుంటుంది. మళ్ళీ విడదీయడం నా వల్ల కాదు."

"ఆవుకీ సేనుకీ మజ్జిన గీత గీసినట్టు గీసినావు బాబూ" అని ఆమె మూడో వరస కొసకి వెళ్ళి కూర్చుంది.

ఆట లేనప్పుడు యంత్రాన్ని ఆపరు. ఆపితే మొలకలు వాడిపోతాయి, మళ్ళీ తొమ్మిది రోజులు. అందుకని ఆట లేని వేళల్లో కూడా ఆ ముగ్గురూ మంచులో ఉంటారు. అత్తగారు, పెళ్ళాం దీపపుసెమ్మెల్లా కదలకుండా నిలబడతారు. సింహాద్రి ఒక్కడే మంచంమీద కూర్చుని చేతులు ఆడిస్తుంటాడు.

ఆ మధ్యాహ్నం కిటికీలోంచి సముద్రపు వెలుగు గదిలోకి వచ్చి మంచుని పాలనురుగులా చేసింది. సింహాద్రి తల ఎత్తాడు. ఖాళీగా ఉండే కుర్చీలో ఇవాళ మనిషి ఉంది. ముప్పై నాలుగేళ్ళవాడు డెబ్బై రెండేళ్ళ మనిషిని చూశాడు. చెవి లాగలేదు. చిటికెనవేలితో ముక్కు పక్కన తాకాడు. తవిటమ్మ పిడికిలి గుండెమీద పెట్టుకుని ఆడించింది. అటు రెండు వేళ్ళు పెదాల మీదికి వెళ్ళాయి. ఇటు కూడా వెళ్ళాయి. ఆ తర్వాత ఎవరు అడిగారో, ఎవరు చెప్పారో పక్కనున్న ఇందుమతి పట్టుకోలేకపోయింది. నాలుగు చేతులు నీళ్ళలో చేపల్లా తిరిగాయి, గంటన్నర. ఒక్క మాట లేదు. ఉన్నట్టుండి తవిటమ్మ ఫక్కున నవ్వింది, అతను మంచం పట్టె మీద చేత్తో కొట్టి మరీ నవ్వాడు.

ఆ నవ్వు ఇందుమతికి తెలుసు. టేపుల్లో అందరికంటే అర క్షణం ముందు మొదలయ్యే ఒక ఆడమనిషి నవ్వు ఉండేది. మిగతా జనం నవ్వుకి అది దారి చూపేది. తాళం తప్పుతోందని దాన్ని కూడా ఆమె తీసేసింది.

ఏమిటంత నవ్వుకున్నారంటే తవిటమ్మ చెప్పలేదు. మురహరికి మాత్రం ఒకటి చెప్పింది. ఇంకా సైరన్ మోగలేదనుకుంటున్నాడు బాబూ, అందుకే మూసేశారన్న మాట నోటికి రావటం లేదు. మోగే మిల్లుని మూసేశారని ఏ నోటితో అంటాడు? అయితే మోగిందని మీరు చెప్పండి మామ్మగారూ అన్నాడు మురహరి. చెబుతానంది. రోజూ చెబుతాననే అంది. రోజూ బస్సెక్కి వచ్చింది. రెండో రోజు తలకి నూనె రాసుకుంది. నాలుగో రోజు కనకాంబరాలు పెట్టుకుంది. వారం తిరిగేసరికి కొడుకు కొనిస్తే పెట్టెలో దాచుకున్న నీలం చీర బయటికి తీసింది.

రోజూ అతను ఒక్కసారైనా చెవి లాగేవాడు. ఇందుమతికి ఇప్పుడు నాలుగు సైగలు వచ్చు, అందుకని చూస్తే తెలిసేది. రోజూ మామ్మ అరచేయి అడ్డంగా ఆడేది. ఇంకా లేదు. ఇంకా లేదు.

"మోగిందని చెప్పేస్తే ఏమవుతుంది మామ్మా?" అని ఒకరోజు బస్టాపులో అడిగింది.

"ఎల్లిపోతాడు." తవిటమ్మ సముద్రం వైపు చూస్తూ అంది. "సైరనైతే మగ్గం కాడికెల్లాల. అక్కడ మగ్గం నేదు. ఆడు ఏటవుతాడో నాకేటి తెలుసు? కూకోనీ. నాను సూస్తన్నాను గదా, కూకోనీ."

చానల్ వాళ్ళు గడువు గుర్తుచేశారు. మురహరి ఆ మాట ముసలమ్మతో అనలేదు. ఇందుమతితో మాత్రం, సైగ చేసే ఆ ఒక్క ముక్కనీ తాత అలవాట్లలోంచి కోసేయొచ్చు, మిగతా చేతులు ఉంచుదామన్నాడు. ఆమె సరేనని కత్తిరింపుకి కూర్చుంది. వేలు మీట మీద పెట్టి, నొక్కకుండానే వెనక్కి తీసుకుంది. ఒకసారి చేసిన తప్పుకి ఇంకా ఒళ్ళు సిగ్గుపడుతూనే ఉంది.

పదహారో రోజున సింహాద్రి కొత్తగా ఒకటి చేశాడు. చెవి లాగాడు, కుర్చీలో అరచేయి అడ్డంగా ఆడింది. అతను కుడిచేత్తో ఎడమభుజం రుద్దుకున్నాడు. మెల్లగా, నొప్పి ఉన్నచోట రుద్దుకున్నట్టు. మళ్ళీ రుద్దుకున్నాడు. తవిటమ్మ లేచి నిలబడింది. కనకాంబరాలు తీసి కుర్చీలో పెట్టి బయటికి నడిచింది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

* * *

ఇందుమతి వెళ్ళేసరికి తవిటమ్మ అరుగుమీదే ఉంది. చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. ఆమె చేతుల్ని అలా చూడటం మనవరాలికి అదే మొదటిసారి.

"నీ కాడున్న టేపుల్లో మీ తాత బుజం రుద్దుకోడం ఉన్నాదేటి?"

లేదంది ఇందుమతి. యాభై రెండూ రెండుసార్లు వెతికింది. ఎక్కడా లేదు.

"ఉండదు. అది తరవాతది."

ఆట ఆగిపోయిన మూడేళ్ళకి మిల్లు మూసేశారు. చెప్పి మూయలేదు. ఉదయం షిఫ్టు లోపల ఉండగానే గేటు బయట రెండో షిఫ్టువాళ్ళని ఆపేశారు. రెండు గంటలైంది, సైరన్ వేయలేదు. రెండున్నర, మూడు. లోపల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. కొందరు వదిలేసి గేటు దగ్గరికి పరిగెత్తారు. దాలినాయుడు కదల్లేదు. భుజంమీద చెయ్యి పడలేదు కదా. నాలుగింటికి కరెంటు తీసేశారు. చేతులకింద మగ్గం చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దంలో అతను ఇంకా కాసేపు నిలబడ్డాడని పక్క మగ్గంవాళ్ళు తర్వాత చెప్పారు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు. ఆ తర్వాత పదకొండు నెలలు బతికాడు. రోజూ మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎడమభుజం రుద్దుకునేవాడు. ఊపిరితిత్తుల్లో నార పేరుకుందన్నారు డాక్టర్లు.

"నార కాదే అమ్మీ. ఆయన మగ్గం దిగనేదు. సచ్చిపోయినాక కూడా అక్కడే నిలబడి ఉన్నాడు." ఆమె కాసేపు ఆగింది. "నానేటి సేసినాను? పదారు రోజులు, ఇంకా నేదు, ఇంకా నేదు అని సెప్పి మల్లీ అక్కడే నిలబెట్టినాను. కంపెనీవోలు సేసిందే నానూ సేసినాను."

ఇందుమతి తనకి వచ్చిన నాలుగు సైగల్లో ఒకటి వెతుక్కుని, రెండు వేళ్ళు పెదాలకి ఆనించి, పిడికిలి పొట్టమీద పెట్టింది. తవిటమ్మ ఆ తప్పటడుగుల సైగని చూసి, మనవరాలి వేళ్ళు పట్టుకుని సరిచేసింది. పిడికిలి కొంచెం కింద పెట్టాలి. పైన పెడితే గుండెల్లో మంటా అని అర్థం.

విషయం విన్న మురహరి, టేపుల్లో లేనిదాన్ని యంత్రం ఎలా కలుపుకుందో వివరించబోయాడు. రోజూ చెవి లాగడం, రోజూ లేదన్న జవాబు, ఎదురుచూపు పెరిగి పెరిగి ఒంట్లో ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా అన్నాడు. తన మాట తనకే చాలలేదు. ఆయన ఆ సాయంత్రం చిన్న గదిలో కూర్చుని, కళ్ళజోడు వెతుక్కునే తండ్రిని కాసేపు చూసి వచ్చాడు.

* * *

తవిటమ్మ పాత నేతచీర కట్టుకుని వచ్చింది. పూలు లేవు. మిల్లుకెళ్ళేటప్పుడు కట్టినట్టు కొంగు నడుముకి బిగించింది. గోడ గడియారం ఒంటిగంటా యాభై. మూడో వరసలోకి వెళ్ళి కూర్చుంది. సింహాద్రి మంచంమీదున్నాడు. రెండు నిమిషాలకి చెవి లాగాడు.

ఆమె అరచేయి అడ్డంగా ఆడలేదు. నిలువుగా పైకి లేచింది, గాల్లో ఆగింది, కిందికి దిగింది. మోగింది.

సింహాద్రి గబుక్కున లేచాడు. పద్నాలుగో నంబరు ఇంట్లో అటు చూశాడు, ఇటు చూశాడు. ఎటు వెళ్ళాలో తెలియలేదు. భుజం రుద్దుకున్నాడు. మంచులో ఆ ఒక్క మనిషి వణుకుతున్నాడు, గాలికి దీపంలా.

తవిటమ్మ లేచింది. మురహరి "మామ్మగారూ" అన్నాడు. ఆమె గీత దగ్గర చెప్పులు విడిచింది.

ఇందుమతి పట్టుకోగలిగిన దూరంలోనే ఉంది. పట్టుకోలేదు.

మంచులోకి వెళ్ళాక తవిటమ్మ జుట్టుమీద, కనుబొమ్మలమీద సన్నటి చుక్కలు పట్టాయి. ఆమె అతని వెనకగా వెళ్ళింది, షెడ్డులో అలాగే వెళ్ళాలి కాబోలు, మనిషి చూపు మగ్గంమీదే ఉండాలి కనక. ఎడమభుజం దగ్గర చెయ్యి ఎత్తింది. అక్కడ ఉన్నది వెలుగూ నీళ్ళూ. అయినా చెయ్యి ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. ఒకసారి వేసింది. రెండోసారి వేసింది.

"నానున్నాను బావా. నువ్వెల్లు."

సింహాద్రి భుజాలు దిగాయి. చేతులు రెండూ పక్కలకి వాలాయి, వాలి ఊరుకున్నాయి. అతను వెనక్కి తిరిగి చూశాడు. చిటికెనవేలు ముక్కు పక్కకి వెళ్ళింది. తర్వాత, ఇంటికెళ్ళే ప్రతి మిల్లు మనిషిలాగే, కళ్ళు చికిలించుకుని, మంచం కిందనుంచి కారియర్ తీసుకుని, వెనక గోడ తలుపు తెరిచాడు. ఏమీ నాటని తలుపు అది. అవతల తెల్లగా ఉంది, గోగుపూల చేను మీద ఎండ పడినట్టు. అతను తల కొంచెం వంచి అందులోకి నడిచాడు. తలుపు మూసుకుంది.

గడియారం రెండైంది.

తవిటమ్మ బయటికి వచ్చి కుడి అరచేయి చూసుకుంది. తడిగా ఉంది. "సెమట సొక్కా" అంది మెల్లగా. కొంగుకి తుడుచుకోలేదు, ఆరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

మురహరి యంత్రం తెరల ముందుకి పరిగెత్తాడు. దాలినాయుడు ఎక్కడా లేడు. అణిగిపోవడం కాదు, ఆగిపోవడం కాదు, ఎక్కడా లేడు. ఆయన మొహం తెల్లబోయింది. టేపులు ఇంకా ఉన్నాయి, తొమ్మిది రోజుల్లో మళ్ళీ నాటవచ్చని ఆయన అంటుండగానే గదిలో ఎవరో దగ్గారు.

మంచులో, మంచం పక్కన, కొంగు నడుముకి బిగించిన ముసలమ్మ నిలబడి ఉంది. ఇంకా పలచగా ఉంది, అంచులు కుదురుకోలేదు. అత్తగారిని ఎగాదిగా చూసింది. రేడియో మీద ఆమె వేసిన చేతిని తీసి, తన చెయ్యి వేసింది. రేడియో పలికింది. అత్తగారు తెల్లమొహం వేసింది. ఓ మూల కూర్చున్న ఇంజినీరు ఒకడు ఉండబట్టలేక నవ్వేశాడు.

మురహరి మంచులోని తవిటమ్మని చూశాడు, కుర్చీలోని తవిటమ్మని చూశాడు. "మామ్మగారూ, గీత సంగతి మీకు ముందే చెప్పాను."

"సెప్పినావు బాబూ. అందుకే దాటినాను." ఆమె చెప్పులు వేసుకుంటోంది. "మగ్గం కాలీగా ఒగ్గీసి ఎవులైనా వొత్తారేటి? సెయ్యేసినోలదే మగ్గం."

* * *

చానల్ వాళ్ళు మొదట గొడవ చేశారు, తర్వాత చూశారు, చూసి నవ్వి, సంతకానికి కాగితాలు తెచ్చారు. తవిటమ్మ వేలిముద్ర వేయకముందు మూడు షరతులు పెట్టింది. తన చేతుల్ని ఎవరూ నున్నగా చేయకూడదు. తాతని మళ్ళీ నాటకూడదు. టేపులు గెడ్డవలస పంపించేయాలి. మూడింటికీ మురహరి ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే ఒక రోజు ఆయన చిన్న గది తలుపు వేసుకుని, చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఆ గది మీట తనే ఆపేశాడు. కళ్ళజోడు ఎవరైనా చేతికి అందిస్తే బాగుండేది అన్నాడట.

ఇప్పుడు "పద్నాలుగో నంబరు ఇల్లు"లో ఇంటి పెద్ద తవిటమ్మ. తిండి సంచీ వీపుకి తగిలించుకుని మెట్లెక్కి దిగే ముసలమ్మ. మొదటి భాగంలోనే ఆమె లోపలికి వచ్చి, మంచంమీద కూలబడి, ఆగకుండా, గొంతు తడబడకుండా అంది: "మిల్లు మూసీసినారే. రేపటికాణ్ణించి మీ అమ్మా నానూ టీవీ కాడ తగువు." ఊళ్ళన్నీ నవ్వాయి. ఆ నవ్వుకి అర క్షణం ముందు ఒక నవ్వు ఉంటుంది. ఇందుమతి దాన్ని వెతికి తెచ్చి దాని చోట పెట్టింది.

ప్రతి మధ్యాహ్నం రెండింటికి ఇందుమతి మూడో వరస కొసన కూర్చుంటుంది. మంచులో మామ్మ ఆమెకి చేతులు నేర్పుతుంది. ఇప్పటికి నలభై సైగలు వచ్చాయి, అందులో పదకొండు బూతులు. ఆదివారాలు గెడ్డవలసలో అసలు మామ్మకి అప్పచెబుతుంది.

మొన్న ఆదివారం అరుగుమీద కూర్చుని తవిటమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఈమధ్య ఆమె చేతులు కొంచెం నెమ్మదించాయి. కాయ చేతిలో ఉండగానే మరిచిపోయి ఊరుకుంటాయి. ఉన్నది ఒక్క చెయ్యే, రెండు చోట్ల ఎంతకని పని చేస్తుంది అంటుందామె. ఇందుమతి పక్కన కూర్చుని కాయలు అందుకుంది.

"మంచులోది ఎలాగున్నాది?" అని అడిగింది తవిటమ్మ.

"బాగుంది. నిన్న అత్తగారికి కల్లు పోయించింది."

"ఏటడిగింది?"

ఇందుమతి చెవి తమ్మె పట్టుకుని రెండుసార్లు లాగింది.

తవిటమ్మ కాయ మధ్యకి విరిచి, గింజలు చేటలో రాల్చింది. "మరి నువ్వేటన్నావు?"

మనవరాలు చెయ్యి ఎత్తింది. అరచేయి అడ్డంగా ఆడింది. ఇంకా లేదు.

తవిటమ్మ ఆ చెయ్యి వంక చూసింది. మణికట్టు కుదురుగా ఉంది, వేళ్ళు దగ్గరగా ఉన్నాయి, ఎక్కడా సరిచేయాల్సింది కనబడలేదు. మనవరాలికంటే అర క్షణం ముందే నవ్వి, తన ఎడమభుజంమీద పడిన చిక్కుడాకు దులుపుకుని, ఇంకో కాయ అందుకుంది.